కెకియోంగా ఆవర్జా: 19 మ్యాచ్‌ల జట్టు లెక్కలు తేల్చిన నెల

జూన్ 7, శనివారం

పని మొదలుపెట్టాను. 1871లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఫోర్ట్ వేన్ పట్టణం తరఫున ఆడిన కెకియోంగా బేస్‌బాల్ జట్టు లెక్కలన్నిటినీ తెలుగులో ఒక పుస్తకంగా కట్టాలని సంకల్పం. జట్టు ఆడిన లీగ్ మ్యాచ్‌లు మొత్తం 19. మే 4న మొదటి ఆట ఆడింది, ఆగస్టు గడిచేసరికి జట్టే లేదు. ఆ నాలుగు నెలల్లో ఎవరు ఎన్ని పరుగులు తీశారో, ఎవరి చేతుల్లోంచి ఎన్ని బంతులు జారాయో అంకెల్లో మిగిలి ఉంది.

ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం పద్దులు రాయడం. ఆదివారాలు మా ఊరి క్రికెట్ పోటీలకు స్కోరు రాస్తాను. రెండు పనులూ నాకు ఒకే అలవాటు నేర్పాయి. చిట్టాలో పడిన ప్రతి అంకె ఆవర్జాలో ఎక్కడో ఒకచోట తేలాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్ బైలు కలిపితే బ్యాటింగ్ జట్టు స్కోరుతో సరిపోవాలి. సరిపోయేదాకా నేను పుస్తకం మూయను. బేస్‌బాల్ లెక్కలకు ఒక రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ కూడా ఇంగ్లండులో పుట్టి, న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసినవాడే. క్రికెట్ స్కోరుకార్డు తెలిసిన చేత్తోనే ఆయన బేస్‌బాల్ బాక్స్ స్కోరును, అంటే ఒక మ్యాచ్ లెక్కలన్నీ ఒకేచోట చూపే పట్టికను, తీర్చిదిద్దాడు. ఆ పాత పట్టికలు తెరిచినప్పుడు నాకు చుట్టాలింటికి వెళ్లినట్టే ఉంది.

ముందుగా పుస్తకం మొదటి పేజీకి కావలసిన సంగతులు రాసుకున్నాను. మొట్టమొదటి వృత్తి బేస్‌బాల్ లీగ్ అయిన నేషనల్ అసోసియేషన్ 1871 మార్చి 17న న్యూయార్క్‌లో ఒక మద్యశాలలో జరిగిన సమావేశంలో ఏర్పడింది. జట్టుకు ప్రవేశ రుసుము 10 డాలర్లు. బోస్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్, క్లీవ్‌లండ్ లాంటి నగరాల పక్కన ట్రాయ్, రాక్‌ఫర్డ్, ఫోర్ట్ వేన్ లాంటి చిన్న పట్టణాలూ చేరాయి. కెకియోంగా అన్నది మయామీ తెగ ప్రజల ముఖ్య గ్రామం పేరు. సెయింట్ జోసెఫ్, సెయింట్ మేరీస్ నదులు కలిసి మౌమీ నదిగా మారే సంగమం దగ్గర ఆ గ్రామం ఉండేది. ఫోర్ట్ వేన్ వెలసింది అక్కడే. జట్టులో ముఖ్యులు మాత్రం ఆ ఊరివాళ్లు కారు. బాల్టిమోర్ నగరంలోని మేరీలాండ్ క్లబ్ నుంచి వచ్చినవాళ్లు.

జూన్ 8, ఆదివారం

షాన్ లాహ్‌మన్ పేరు మీద ఉన్న ఉచిత బేస్‌బాల్ డేటాబేస్‌ను కంప్యూటర్‌లోకి దించుకున్నాను. జట్ల పట్టిక, బ్యాటింగ్ పట్టిక, పిచింగ్ పట్టిక, ఫీల్డింగ్ పట్టిక వేరువేరుగా ఉంటాయి. ప్రతి ఆటగాడికీ ఒక సంకేతం. ఇంటిపేరులోంచి ఐదు అక్షరాలు, సొంత పేరులోంచి రెండు, చివర రెండు అంకెలు. మన పాత ఖాతా పుస్తకాల్లో పేర్ల పక్కన వేసే పుటల సంఖ్య లాంటిదే. ఆ సంకేతం పట్టుకుని ఏ పట్టికలోనైనా మనిషిని వెతకవచ్చు.

కెకియోంగా వరుసను విడదీసి ఒక తెల్ల కాగితం మీద రాసుకున్నాను. 7 గెలుపులు, 12 ఓటములు. తీసిన పరుగులు 137, ఇచ్చినవి 243. బ్యాటింగ్‌లో 746 అవకాశాలకు 178 హిట్లు, అందులో 19 డబుల్స్, 8 ట్రిపుల్స్, 2 హోమ్ రన్లు. పరుగు కోసం వరుసగా తాకాల్సిన నాలుగు మజిలీలు బేస్‌లు, చివరిది హోమ్. కొట్టిన బంతితో బ్యాటర్ క్షేమంగా బేస్ చేరితే హిట్. ఆ దెబ్బతోనే రెండో బేస్ చేరితే డబుల్, మూడోది చేరితే ట్రిపుల్, హోమ్ దాకా చేరితే హోమ్ రన్.

తర్వాత జట్టు పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు, బాబీ మాథ్యూస్ సగటు వేశాను. పిచర్ సగటు అంటే, ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేసి, అతని పద్దులోనే పడాల్సిన పరుగులు తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని అని. అతని పద్దు పరుగులు 97. పట్టికలో పక్కనే 507 అని ఉంది. 97ను 9తో గుణించి 507తో భాగిస్తే 1.72 వచ్చింది. సంబరపడ్డాను, అంత గొప్ప సగటు! పక్క గడిలో అచ్చులో ఉన్నది 5.17. మూడు సార్లు లెక్కవేసినా నాది 1.72. భోజనం చేసి వచ్చి చూస్తే 5.17 సరిగ్గా 1.72కు మూడు రెట్లని తట్టింది. ఆ 507 ఇన్నింగ్స్ సంఖ్య కాదు, అవుట్ల సంఖ్య. ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు. 507ను మూడుతో భాగిస్తే 169 ఇన్నింగ్స్. ఇప్పుడు 5.17 వచ్చింది. గడి పైనున్న తలకట్టు చదవకుండా అంకెను ఎత్తుకోవడం తప్పు. పుస్తకంలో ప్రతి గడికీ తలకట్టుతో పాటు కొలమానం కూడా రాయాలని నిశ్చయించుకున్నాను.

జూన్ 11, బుధవారం

జట్టు లెక్క ఒక్కటే చూస్తే అది నిజమో కాదో తెలియదు. లీగ్ అంతా కూడితే తెలుస్తుంది. ఒకరు తీసిన పరుగు మరొకరు ఇచ్చినదై ఉండాలి కదా.

రాత్రి కూర్చుని, లీగ్‌లోని తొమ్మిది జట్లూ తీసిన పరుగులు కూడి చూశాను. బోస్టన్ 401, ఫిలడెల్ఫియా 376, ట్రాయ్ 351, వాషింగ్టన్ 310, న్యూయార్క్, షికాగో చెరి 302, క్లీవ్‌లండ్ 249, రాక్‌ఫర్డ్ 231, మన కెకియోంగా 137. మొత్తం 2659. ఇచ్చిన పరుగుల గడి కూడితే అదీ 2659. కాగితం మీద ఆ రెండు అంకెల కింద జోడు గీత గీసినప్పటి తృప్తిని పద్దులు రాసేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. నూట యాభై ఏళ్ల కిందటి ఆటలను పాత పత్రికల నుంచి ఏరి కూర్చినవాళ్లు ఒక్క పరుగు కూడా వదలలేదు. వాళ్లలో ఎవరినీ నేను ఎరగను. వాళ్లకు మనసులోనే దండం పెట్టాను.

గెలుపోటములు కూడితే ఒక చిక్కు ఎదురైంది. గెలుపులు 125, ఓటములు 125. కానీ తొమ్మిది జట్లు ఆడినవి కలిపితే 254, అంటే 127 మ్యాచ్‌లు. రెండు మ్యాచ్‌లు ఏమయ్యాయి? ఒక్కో జట్టునూ పట్టి చూశాను. బోస్టన్ 31 ఆడి 20 గెలిచి 10 ఓడింది, ఒకటి మిగిలింది. ట్రాయ్‌కు ఒకటి మిగిలింది. వాషింగ్టన్‌కు రెండు మిగిలాయి. మరే జట్టుకూ మిగుళ్లు లేవు. కాబట్టి ఆ రెండూ సమంగా ముగిసిన ఆటలు, రెండింటిలోనూ వాషింగ్టన్ ఉంది, ఒకదానిలో బోస్టన్‌తో, ఒకదానిలో ట్రాయ్‌తో. ఏ పత్రికా తిరగేయకుండా, కూడికలతోనే ఆ సంగతి బయటపడింది.

ఆ ఏడాది ఒక జట్టు సగటున మ్యాచ్‌కు పదిన్నర పరుగులు తీసింది. కెకియోంగా తీసినవి 7.2, ఇచ్చినవి 12.8. లీగ్‌లో ఇంత తక్కువ పరుగులు తీసిన జట్టు మరొకటి లేదు. తీసిన పరుగుల వర్గాన్ని, తీసినవాటి, ఇచ్చినవాటి వర్గాల మొత్తంతో భాగిస్తే ఒక జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలవాల్సిందో స్థూలంగా తెలుస్తుంది. ఆ సూత్రం ప్రకారం కెకియోంగా 19లో నాలుగో ఐదో గెలవాలి. ఏడు గెలిచింది. ఓడినప్పుడు చిత్తుగా ఓడి, గెలిచినప్పుడు స్వల్ప తేడాతో గెలిచే జట్టుకు లెక్క ఇలా వస్తుంది.

జూన్ 14, శనివారం

ఈ రోజంతా ఒకే మ్యాచ్‌కు కేటాయించాను. 1871 మే 4, గురువారం, ఫోర్ట్ వేన్. ఎదుటి జట్టు క్లీవ్‌లండ్ ఫారెస్ట్ సిటీ. లీగ్ చరిత్రలో మొదటి ఆటగా బోస్టన్, వాషింగ్టన్ జట్ల పోటీ జరగాల్సింది. అక్కడ వాన పడడంతో ఆ గౌరవం ఈ చిన్న పట్టణానికి దక్కింది. చూడడానికి వచ్చినవాళ్లు సుమారు రెండు వందల మంది.

క్లీవ్‌లండ్ తరఫున ముందు బ్యాటింగుకు దిగినవాడు క్యాచర్ (బ్యాటర్ వెనక నిలిచి బంతి పట్టేవాడు) డీకన్ వైట్. దిగుతూనే డబుల్ కొట్టాడు. వృత్తి లీగ్‌లో మొదటి హిట్ అదే. తర్వాత జీన్ కింబాల్ బంతిని గాలిలోకి లేపాడు. రెండో బేస్ దగ్గర టామ్ కేరీ దాన్ని అందుకుని, బేస్ వదిలి ముందుకు వచ్చేసిన వైట్‌ను కూడా తానే అవుట్ చేశాడు. ఒకే మనిషి చేతి మీద రెండు అవుట్లు. రెండో ఇన్నింగ్స్‌లో కెకియోంగా క్యాచర్, సారథి బిల్ లెనన్ డబుల్ కొడితే, జో మెక్‌డెర్మట్ హిట్‌తో అతను హోమ్‌కు చేరాడు. లీగ్‌లో మొదటి పరుగు. తర్వాత ఇంకొక పరుగు వచ్చింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వాన ఆటను ఆపేసేటప్పటికి స్కోరు 2-0. పరుగులు పదులలో పారే కాలంలో ఇలాంటి స్కోరు అపురూపం. మాథ్యూస్ ఐదు హిట్లు ఇచ్చి, ఆరుగురిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు.

ఇక్కడ పట్టికలోకి తిరిగి వెళ్లాను. మాథ్యూస్ వరుసలో షటౌట్ గడిలో 1 అని ఉంది. ఎదుటి జట్టుకు ఒక్క పరుగు కూడా ఇవ్వని ఆట అన్నమాట. ఇన్నాళ్లూ అది ఒక అంకె. ఇవాళ దానికి తేదీ, ఊరు, వాన అన్నీ దొరికాయి. ఏడాది మొత్తంలో అతని స్ట్రైకౌట్లు 17. అందులో ఆరు ఆ మొదటి రోజువే.

ఆ ఆట పక్కన పెట్టి మిగతా 18 లెక్కవేశాను. ఇచ్చిన 243 పరుగులూ ఆ పద్ధెనిమిదింటిలోనే. మ్యాచ్‌కు పదమూడున్నర.

జూన్ 15, ఆదివారం

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. 5.17 అనే సగటు చూసి మాథ్యూస్‌ను సామాన్య పిచర్ అనుకునేవాళ్లు ఉంటారని బాధ కలిగింది. అతని వరుసను అడ్డంగా, నిదానంగా చదవాలి.

జట్టు ఆడిన 19 మ్యాచ్‌లు. మాథ్యూస్ మొదలుపెట్టినవి 19. ముగించినవి 19. జట్టు పిచింగ్ లెక్క, అతని లెక్క అక్షరం పొల్లుపోకుండా ఒకటే. 507 అవుట్లు, 261 హిట్లు, 5 హోమ్ రన్లు, 21 వాక్‌లు (చెడు బంతుల వల్ల బ్యాటర్ ఉచితంగా బేస్‌కు వెళ్లడం). ఆ ఏడాది కెకియోంగా తరఫున అతను తప్ప మరో మనిషి పిచింగ్ చేయలేదు. అప్పటికి అతని వయసు 19 ఏళ్లు, నవంబరు వస్తే 20. ఐదడుగుల ఐదంగుళాల మనిషి.

ఇప్పుడు ఫీల్డింగ్ గడి. తప్పులు 163. మ్యాచ్‌కు ఎనిమిదిన్నర పైనే. ఫీల్డింగ్ సగటు 0.803, అంటే చేతిదాకా వచ్చిన ప్రతి ఐదు అవకాశాల్లో ఒకటి చెడింది. ఈ రోజుల్లో ఆ సగటు 0.985 చుట్టూ ఉంటుంది. వాళ్లను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. అప్పటికి గ్లవ్స్ లేవు. గట్టి తోలు బంతిని వట్టి చేతులతో పట్టేవారు. నేల కూడా ఇప్పటి మైదానాల్లా చదునుగా ఉండేది కాదు. 163లో ప్రతి తప్పు వెనకా వాచిన వేలో, గతుకులో ఉండి ఉంటుందని నా నమ్మకం.

ఇచ్చిన పరుగులు 243, మాథ్యూస్ పద్దులోవి 97. తీసివేస్తే 146. నూటికి అరవై పరుగులు ఫీల్డింగ్ పద్దులో పడ్డాయి. అన్ని పరుగులూ అతని మీదే వేస్తే సగటు 12.94 అవుతుంది. 12.94కూ 5.17కూ మధ్య ఉన్న ఆ ఎడంలోనే ఈ జట్టు కథంతా ఉంది. తన తప్పు లేకుండా అవతలివాడు హోమ్ చేరుతుంటే చూసి, మళ్లీ బంతి అందుకుని, చేయి కింద నుంచి విసరడం. అప్పటి నియమం అదే. 45 అడుగుల దూరం నుంచి, చేతిని నడుముకు కిందగా ఊపి విసరాలి. పైగా బ్యాటర్ తనకు ఎత్తుగా కావాలో, కిందుగా కావాలో అడిగి మరీ వేయించుకునేవాడు. అంత ఇబ్బందిలోనూ 169 ఇన్నింగ్స్‌లో అతను ఉచితంగా బేస్‌కు పంపింది 21 సార్లే. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒకటి చొప్పున. ఈ అంకెను పుస్తకంలో పెద్ద అక్షరాల్లో వేస్తాను.

జూన్ 19, గురువారం

పారిభాషిక పదాల పని. హిట్, పిచర్, క్యాచర్, బేస్ అలాగే ఉంచాను. పరుగు, ఇన్నింగ్స్ క్రికెట్ ద్వారా మనకు ఎప్పుడో వచ్చేశాయి. అయితే బేస్‌బాల్ ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తాయన్నది అడుగున రాయాలి. ఎర్రర్‌కు ముందు ‘చేజార్పు’ అని రాసి కొట్టేశాను, వంకరగా విసరడం కూడా అందులోకే వస్తుంది. ‘తప్పు’ చాలు. పిచర్ మీద పడే పరుగులకు ‘పద్దు పరుగులు’ అన్న మాట కుదిరింది.

ఖాళీ గడుల సంగతి చాలా ముఖ్యం. బంతి తగిలి బ్యాటర్ బేస్‌కు వెళ్లడం అనే గడి 1871 వరుసల్లో ఖాళీగా ఉంది. నా కంప్యూటర్ ఆ ఖాళీలన్నిటినీ సున్నాలు చేసేసింది. సున్నా వేస్తే ఆ ఏడాది ఎవరికీ బంతి తగల్లేదని అర్థం వస్తుంది. అసలు అలా తగిలితే బేస్ ఇవ్వాలన్న నియమమే అప్పటికి లేదు. అది తర్వాత వచ్చిన లీగుల్లో, 1884లో అమెరికన్ అసోసియేషన్‌లో, 1887లో నేషనల్ లీగ్‌లో వచ్చింది. ప్రతి సున్నానూ తిరగదోడి, నియమం లేనిచోట అడ్డగీత వేశాను. రెండు గంటలు పట్టింది.

జూన్ 22, ఆదివారం

జట్టు గెలుపోటములు 7-12. మాథ్యూస్‌వి 6-11. అన్ని మ్యాచ్‌లూ అతనే వేశాడు కదా, ఒక గెలుపు, ఒక ఓటమి ఎవరి ఖాతాలోకి వెళ్లాయి?

సారథుల లెక్క చూశాను. లెనన్ ఆధ్వర్యంలో 5-9, తర్వాత హ్యారీ డీన్ ఆధ్వర్యంలో 2-3. కూడితే 7-12. అటు సరిపోయింది. కాబట్టి తేడా పిచర్ల నియమంలో ఉండాలి. ఉంది. ఆటను మధ్యలో వదిలేసినా, నియమం మీరినా ఆ మ్యాచ్‌ను ఎదుటి జట్టుకు రాసిస్తారు. అలా గెలుపు పొందిన జట్టు ఆటలో ముందంజలో లేకపోతే పిచర్లకు గెలుపోటములు వేయరు. ఆటగాళ్ల మిగతా అంకెలు మాత్రం నిలుస్తాయి. ఆ ఏడాది ఇవి తరచూ జరిగాయి. మరో క్లబ్‌కు ఆడినవాడు 60 రోజులు ఆగాకే కొత్త జట్టులోకి రావాలి. ఆ గడువు తీరకుండానే స్కాట్ హేస్టింగ్స్‌ను ఆడించిందని రాక్‌ఫర్డ్ గెలిచిన కొన్ని మ్యాచ్‌లు ఎదుటివాళ్ల పరమయ్యాయి. మా పుస్తకంలో 19 మ్యాచ్‌ల కింద ‘పిచర్‌కు ఫలితం పడనివి 2’ అని ఒక వరుస చేర్చాను. 6, 11, 2 కలిపితే 19.

ఆ 6 తక్కువైనది కాదు. మాథ్యూస్ తర్వాత బాల్టిమోర్‌కు 25, న్యూయార్క్ మ్యూచువల్స్‌కు వరుసగా 29, 42, 29 గెలిపించాడు. నేషనల్ అసోసియేషన్‌లో మొత్తం 131. ఆ తర్వాతి లీగుల్లో 166. అన్నీ కలిపితే 297, మూడు వందలకు మూడే తక్కువ. 1969లో బేస్‌బాల్ రికార్డుల మీద వేసిన ప్రత్యేక సంఘం నేషనల్ అసోసియేషన్‌ను పెద్ద లీగ్ (మేజర్ లీగ్)గా ఒప్పుకోలేదు. దానితో అధికారిక లెక్కలో అతని ఖాతా 166 దగ్గర ఆగిపోయింది. 1920 నుంచి 1948 దాకా ఆడిన నల్లజాతి లీగులను 2020లో పెద్ద లీగులుగా గుర్తించి, 2024లో ఆ అంకెలను అసలు పట్టికల్లో కలిపారు. ఎంతో కాలంగా జరగాల్సిన న్యాయం అది. 1871 నుంచి 1875 దాకా ఆడినవాళ్ల అంకెలనూ ఒకరోజు కలపాలని నా కోరిక. మొదటి రోజు అతని బంతిని డబుల్ కొట్టిన డీకన్ వైట్‌కు 2013లో బేస్‌బాల్ ప్రఖ్యాతుల మందిరం (హాల్ ఆఫ్ ఫేమ్)లో చోటు దక్కింది. మాథ్యూస్ 1898లోనే, 46 ఏళ్ల వయసులో బాల్టిమోర్‌లో కన్నుమూశాడు. ఆ మందిరంలో అతను లేడు.

జూన్ 28, శనివారం

ఈ వారం చిన్న వరుసలు ఎక్కించాను. 19 మ్యాచ్‌లూ ఆడిన టామ్ కేరీ 87 అవకాశాలకు 20 హిట్లు, 16 పరుగులు. బాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 12 మ్యాచ్‌లలో 49కి 11. డీన్ ఆరింటిలో 22కు 4. బిల్ బారెట్ ఒక్క మ్యాచ్, ఐదు అవకాశాలు, ఒక డబుల్, ఒక పరుగు.

చివరిది చార్లీ బియర్‌మన్. అతని జీవితంలో లీగ్ మ్యాచ్ ఒక్కటే. అవకాశాలు 2, హిట్లు 0, పరుగులు 0, వాక్ 1. ఎవరైనా త్వరగా చూస్తే 0.000 అన్న సగటు కనిపించి ముందుకు వెళ్లిపోతారు. నేను అతని వరుస దగ్గర చాలాసేపు ఉండిపోయాను. వాక్‌ను అవకాశాల్లో లెక్కించరు కాబట్టి, మూడు సార్లు బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి మంచి బంతి కోసం ఓపిక పట్టాడు, అంపైర్ బేస్‌కు వెళ్లమన్నాడు. మూడింట ఒకసారి బేస్ చేరినట్టు. అందుకని మా పట్టికలో హిట్ల సగటు పక్కనే బేస్ చేరిన సగటుకు ఒక గడి పెంచాను. బియర్‌మన్ గడిలో 0.333 అని రాశాను. ఆ ఒక్క గడి కోసం పేజీ అంచులు మార్చి, మిగతా పేర్లన్నీ మళ్లీ అచ్చు తీయాల్సి వచ్చింది.

జూన్ 29, ఆదివారం

బ్యాటింగ్ పేజీ కుట్టు పూర్తయింది. ఫీల్డింగ్ పట్టికలో ఒకే మనిషి రెండు మూడు స్థానాల్లో ఆడినవి విడదీయాలి. ఎవరు ఎక్కడ నిలబడినా, అందరూ పూర్తి చేసిన అవుట్లు కూడితే మాథ్యూస్ 507 రావాలి. రేపు సాయంత్రం ఆ కూడిక.